పూజ నాడు ఫోన్లో విన్న ఇంజను చప్పుడు

2024 నవంబరు. వానాకాలం వరి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. సూర్యాపేటలో నా ఆఫీసు అంటే బస్టాండు వెనక వీధిలో ఒక గది, ఒక టేబులు, ఒక ఇనుప బీరువా. నేను పాత యంత్రాలకు విలువ కట్టే వాల్యుయర్‌ని. ఎవరైనా సెకండ్ హ్యాండ్ హార్వెస్టరో, ట్రాక్టరో, బోరు బండో కొనాలనుకుంటే నేను వెళ్లి చూస్తాను. దాని ఆరోగ్యం ఎలా ఉంది, ఎంతవరకు పెట్టొచ్చు అని రిపోర్టు రాసిస్తాను. కోదాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మిర్యాలగూడలో ఒక హార్వెస్టర్ల షెడ్డులో నాలుగేళ్లు పనిచేశాక ఇందులోకి వచ్చాను. ఆ నవంబరుకు మా పాపకు మూడేళ్లు.

ఈ పనిలో చెయ్యి, చెవి ముఖ్యం. షెడ్డులోకి వెళ్లగానే ముందు ఇంజను మీద అరచెయ్యి పెడతాను. వెచ్చగా ఉందంటే నేను రాకముందే ఎవరో నడిపి, చల్లగా ఉన్నప్పుడు బయటపడే దాని జబ్బును దాచారన్నమాట. చల్లని ఇంజనును నా ముందే స్టార్ట్ చేయించి వింటాను. మా వైపు కొనేవాళ్లకు వాళ్లదే అయిన పరీక్ష ఒకటుంది. ఇంజను నడుస్తుండగా పక్కనే నిలబడి టీ తాగుతారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా చప్పుడు మారకపోతే బండి మంచిదని లెక్క. పూజ నాడూ అంతే. కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చినంతసేపూ ఇంజను నడుస్తూనే ఉండాలి. మధ్యలో ఆగితే మనసులో శంక పడుతుంది. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. మరిచిపోయే వీలే లేదు.

ఒక మధ్యాహ్నం మోతె మండలం నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. అతని పేరు సైదులు, ఆమె పేరు లలిత. ఇద్దరికీ ముప్ఫై దాటి ఉండవు. గొర్ల కాపరుల కుటుంబం. బోటు కొనాలి, చూసి పెట్టమన్నారు.

"బోటా?" అని రెండుసార్లు అడిగాను.

"అవ్ మేడం, బోటే. జెట్ బోటు. ఎనకాల రెక్కల పంకా ఉండదు దానికి," అన్నాడు సైదులు.

ఎండాకాలం మేత కోసం మందను తోలుకుని కృష్ణ వెనకనీళ్ల దాకా, అంటే డ్యాము వెనక నీళ్లు నిలిచే చోటి దాకా, వెళ్లేవాడట. అక్కడ గుడికి వచ్చే జనం బోటు షికారు కోసం వరుస కట్టడం చూశాడు. ఊళ్లో బీడు లేదు, ఎటు చూసినా వరే. మేత లేక జీవాలు బక్కచిక్కిపోతున్నాయి. రేవు దగ్గర బోట్లు తిప్పే పెద్దమనిషితో మాట్లాడుకున్నాడు. ముందు బోటు, తర్వాత బీమా, ఆ తర్వాత అనుమతి కాగితాలు. అన్నింటికీ మొదట కావలసింది వాల్యుయర్ రిపోర్టు.

"నేను బోట్లెప్పుడూ చూడలేదు సైదులూ. నాకు తెలిసినవి నేల మీద తిరిగేవే," అన్నాను.

"ఇంజనే గద మేడం. కోత మిషన్ల ఇంజన్లు సూస్తరు, గిది సూడరా?"

లలిత చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "జీవాలను అమ్మినం మేడం. పది ఉంచుకొని మందంత అమ్మినం. ఆరు లక్షల కాడికి పెట్టగలం, దాని మీద రూపాయి లేదు. మీరు మంచిగున్నది అంటెనే తీస్కుంటం. లేకుంటె మల్ల గొర్లనే కొంటం."

ఆ మాటతో ఒప్పుకున్నాను. వారం రోజులు చదివాను. పడవ ఇంజన్ల మీద పనిచేసే కాలేజీ స్నేహితుడికి ఫోన్ చేసి గంటలకొద్దీ ప్రశ్నలు అడిగాను. జెట్ బోటు సంగతి మన వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పొలం మోటారు పైపులోంచి నీళ్లు ఎగజిమ్మినప్పుడు పైపు వెనక్కి తన్నుతుంది కదా, అదే. బోటు అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు లోపలికి లాగి, వెనక నుంచి బలంగా చిమ్ముతుంది. ఆ తన్నుడుకు బోటు ముందుకు పోతుంది. నీళ్లు తోసే చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు, దాని చుట్టూ ఉండే కట్టును వేర్ రింగ్ అంటారు. మేము చూసిన రకం బోట్లలో ఆ నీళ్లే ఇంజనునూ, దాని పొగ గొట్టాన్నీ చల్లబరుస్తాయి. ఇంజను నుంచి ఇంపెల్లర్ దాకా పోయే ఇరుసు బోటు గోడను దాటే చోట షాఫ్ట్ సీల్ ఉంటుంది, నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. దానికీ తడి కావాలి, లేకపోతే రాపిడికి మాడిపోతుంది. అందుకే ఈ బోటును గట్టు మీద స్టార్ట్ చేయాలంటే పైపుతో నీళ్లు ఎక్కిస్తూనే చేయాలి. ఇదంతా నాకు తెలుసు. నోట్ బుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

కోదాడ దగ్గర ఒక షెడ్డులో రెండు బోట్లు అమ్మకానికి ఉన్నాయి. యజమాని పూర్ణయ్య గారు ఒకప్పుడు చెరువులో బోటింగు నడిపి మానేసిన మనిషి. ఒకటి ఎర్రది, కొత్త రంగు, కొత్త సీట్లు, పెద్ద ఇంజను. ఇంకొకటి నీలంది, ఎండకు వెలిసిపోయింది, సీట్లు చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే.

"ఎర్రది చూడండమ్మా. దింపితే చేప లాగా ఎగురుద్ది," అన్నారు పూర్ణయ్య గారు.

"మరి నీలంది?"

"అదీ పోద్ది. ఎగరదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా, నా మనవళ్లను ఎక్కించాల్సి వస్తే నీలందే ఎక్కిస్తా."

సైదులు కళ్లు మాత్రం ఎర్రదాన్ని వదలడం లేదు. నేను రూపాయి బిళ్లతో బోటు అడుగు పొడవునా తట్టుకుంటూ పోయాను. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అంటుంది. ఎర్రదానికి వెనక భాగంలో ఆ చప్పుడు చచ్చిపోయింది, అంటే లోపల నీరు పట్టి మెత్తబడింది. ఇంపెల్లర్ అంచులు గులకరాళ్లు తిని గాట్లు పడ్డాయి. దానికీ వేర్ రింగ్‌కీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో, అంటే కొలతలున్న సన్నటి రేకుల కట్టతో, చూశాను. ఉండాల్సినదానికి రెండింతలుంది. నీలందాని సందు సరిగ్గా ఉంది, సిలిండర్లలో కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, సమానంగా ఉంది, ఆయిల్లో నీటి జాడ లేదు.

"ఎర్రది వద్దు సైదులూ," అన్నాను.

"గింత మంచిగ కనవడుతుంటె వద్దంటరేంది మేడం? జనం రంగు సూసి ఎక్కుతరు గద."

లలిత నవ్వింది. "గొర్రెను కొనేటప్పుడు ఉన్ని సూస్తవా, పండ్లు సూస్తవా?"

"పండ్లే సూస్త."

"మరి మేడం పండ్లు సూసింది. ఇగ ఊకో."

నీలందాన్ని స్టార్ట్ చేసే ముందు పూర్ణయ్య గారు గొట్టం తెచ్చి దాని వెనక బిగించి నీళ్లు వదిలారు. చల్లని ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. సైదులు ఆ నీళ్ల వైపు చూస్తూ తల ఊపాడు. నేనూ ఊపాను. అతనికి అర్థమైందనుకున్నాను.

మరునాడు వెనకనీళ్లలో దింపి గంటసేపు తిప్పి చూశాం. గుర్రపుడెక్క ఉన్నచోటికి, లోతు తక్కువ ఉన్నచోటికి పోకూడదని సైదులుకు చూపించాను, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించొద్దని చెప్పాను. ఒడ్డుకు వచ్చాక లోపలి పలక తీసి అడుగున చెయ్యి పెట్టి తడిమాను. పొడిగా ఉంది. నేను చూసిన మొదటి బోటు, మంచిదాన్ని ఎంచాను. తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు నాలో నేనే సంతోషపడ్డాను.

రిపోర్టు మూడు పేజీలు, బీమా వాళ్లకు కావలసిన పద్ధతిలో ఇంగ్లీషులో రాశాను. మూడో పేజీలో వాడకం జాగ్రత్తలు. అందులో ఆరోది, నీటి సరఫరా లేకుండా గట్టు మీద ఇంజను నడపరాదు అని. అప్పగించే రోజు కోదాడ షెడ్డులో కూర్చుని ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాలనుకునే బయలుదేరాను. నేను చేరేసరికి బోటు బండిని ట్రాక్టరుకు తగిలించేశారు. లలిత అప్పటికే దానికి బంతిపూల దండ కట్టింది. మొదటి పేజీ తిప్పుతుండగా అత్తమ్మ ఫోన్ చేసింది.

"పాపకు ఒళ్లు కాలుతున్నది బిడ్డా. పొద్దటిసంది ఏం తింటలేదు. కండ్లు తెరుస్తలేదు. నువ్వు జల్ది రా."

నాకు ఇక అక్కడ ఏమీ కనబడలేదు. రిపోర్టు సైదులు చేతిలో పెట్టాను. "అన్నీ ఇందులో రాశాను. ఎవరైనా చదువుకున్నవాళ్లతో చెప్పించుకో," అన్నాను.

"మీరు పోండ్రి మేడం, ముందు పాపను సూస్కోండ్రి," అంది లలిత. నా చేతి సంచి నేను మరిచిపోతే వెనకాలే పరుగెత్తుకొచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం సూర్యాపేటలో పిల్లల దవాఖానలో పాపను చేర్చుకున్నారు. నర్సు మందు సీసా నా చేతికిచ్చి వెళ్లిపోలేదు. సిరంజి ఇచ్చి, "మీరే తీయండి, నేను చూస్తాను," అంది. నేను గీత దాటించి తీశాను. "మళ్లీ," అంది. రెండోసారి సరిగ్గా తీశాక, "ఇప్పుడు చెప్పండి, ఎన్ని గంటలకోసారి?" అని నాతో పలికించింది. అంత కంగారులోనూ నాకు ఆవిడ మీద చిరాకు వచ్చింది. చదువుకున్నదాన్ని కదా, సీసా మీద రాసి ఉంది కదా అనుకున్నాను.

మరునాడు పొద్దున పాప మంచం పక్కన ఉండగా సైదులు ఫోన్ చేశాడు. వెనక డప్పులు. డప్పుల వెనక ఇంజను.

"మేడం, ఇంటి ముంగల పూజ అయితున్నది. మీరుంటె మంచిగుండు. ఇనుండ్రి మన బోటు సప్పుడు," అని ఫోన్ ఇంజను దగ్గర పెట్టాడు.

నేను విన్నాను. ఎక్కడా తడబాటు లేదు. నేను ఎంచిన ఇంజను. "మంచిగా తిరుగుతోంది సైదులూ, శుభం," అన్నాను. అంతలో డాక్టరు గారు లోపలికి వచ్చారు. ఫోన్ పెట్టేశాను.

మోతెలో సైదులు ఇంటి ముందు బోటు నీళ్లలో ఉండే వీలు లేదు. వాళ్ల దగ్గర నీళ్లెక్కించే గొట్టమూ లేదు. ఈ రెండూ నాకు తెలుసు. చప్పుడు విని ఇంజను వయసు చెప్పగలదని పదిమందితో అనిపించుకున్నదాన్ని. ఆ చప్పుడు అక్కడ వినబడకూడదని మాత్రం నాకు తట్టలేదు. "ఆపు" అనడానికి ఎంతసేపు పడుతుంది?

పూజ అయిన నాలుగో రోజు బోటును వెనకనీళ్లలో దింపారు. జనాన్ని ఎక్కించే అనుమతి ఇంకా రాలేదు కాబట్టి ఇంటివాళ్లే, ఐదుగురు, వాళ్లలో లలిత అన్న కూతురు ఐదేళ్ల పిల్ల. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగాడు సైదులు. అది నేను నోటితో చెప్పిన జాగ్రత్త. కొంత దూరం పోయాక వెనక భాగం బరువెక్కింది. లలిత కాళ్ల కింద తడి తగిలింది. సైదులు బోటును ఒడ్డు వైపు తిప్పాడు. ఒడ్డు ఇంకా కొంత దూరముండగానే ఇంజను నీళ్లు మింగి ఆగిపోయింది, వెనక భాగం మునిగింది. ఛాతీ లోతు నీళ్లలో లలిత ఆ పిల్లను నెత్తిన ఎత్తుకుని బయటికి నడిచి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ఫోన్లో విన్నప్పుడు నేను పాపకు అన్నం తినిపిస్తున్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బోటును మిర్యాలగూడకు, నేను ఒకప్పుడు పనిచేసిన షెడ్డులోని జానిమియా భాయ్ దగ్గరికి పంపించమన్నాను. పెద్దాయన, నాకు పని నేర్పినవాడు. వెనక భాగం విప్పడానికి ఆయనకు గంట పట్టింది. మాడి నల్లబడ్డ షాఫ్ట్ సీల్‌ను, అట్టలా గట్టిపడి పగిలిన పొగ గొట్టం రబ్బరును తీసి పాత పేపరు మీద పెట్టాడు.

"నీళ్లు లేకుంట నడిపిన్రు దీన్ని," అన్నాడు.

"లేదు భాయ్. నీళ్లల్లనే నడిపినం," అన్నాడు సైదులు.

"యాద్ చేస్కో. ఇంటికాడ స్టార్ట్ చేసిన్రా?"

"పూజల చేసినం." సైదులు గొంతు తగ్గింది. "హారతి అయ్యేదాంక. అందరు ఫోటోలు దిగేదాంక. జర కాలిన వాసనొచ్చింది గని సాంబ్రాణి అనుకున్నం. కీ కీ అని ఏదో మోగినట్టు గూడ అనిపించింది, డప్పుల సప్పుడుకు సమజ్ కాలే."

"కోదాడల గొట్టం పెట్టి స్టార్ట్ చేసిన్రు గద, సూడలేదా?"

"సూసినం. అమ్మే ముందు బోటు కడుగుతున్నరనుకున్నం."

జానిమియా భాయ్ నా వైపు చూడకుండానే అడిగాడు. "ఎవ్వరు చెప్పలేదా మీకు?"

సైదులు పేపరు మీది రబ్బరు ముక్కను చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టాడు. "చెప్పే ఉంటరు భాయ్. మాకే సమజ్ కాలేదు. మేడం మంచిదే ఎంచింది. మా రాత గిట్లున్నది."

నన్ను కాపాడుతున్నానని కూడా అతను అనుకోలేదు. నిజంగానే తప్పు తనదే అనుకున్నాడు. నా సంచిలో ఆ రిపోర్టు రెండో ప్రతి ఉంది, మూడో పేజీలో ఆరో వరుస ఉంది. దాన్ని ఎవరికైనా చూపించి నేను నిర్దోషినని చెప్పుకోవచ్చు. నేను సంచి జిప్పు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

లలిత నన్నే చూస్తోంది. "పూజ నాడు ఫోన్ చేసినం గద మేడం. ఇంజను సప్పుడు మీకు ఇనవడలేదా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

"ఆ టైములో దవాఖానలో ఉన్నాను లలితా. పాపకు బాగాలేదు," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె అడిగిందానికి జవాబూ కాదు. ఆమె తల ఊపి ఆ మాడిన రబ్బరు ముక్క వైపు చూసింది.

ఇంజను బాగుచేయాలంటే బోటు ధరలో సగానికి పైగా అవుతుందని తేలింది. బీమా ఇంకా మొదలే కాలేదు. చివరికి బోటును విడిభాగాల లెక్కన అమ్మేశారు. నా ఫీజు తిరిగి ఇస్తానంటే సైదులు వద్దన్నాడు. "మీ పని మీరు మంచిగ చేసిన్రు," అన్నాడు. నన్ను అంతకంటే నొప్పించే మాట ఇంకొకటి లేదు.

తర్వాత ఎండాకాలం వచ్చేదాకా నేను మోతె వైపు వెళ్లలేదు. ఆ దారిలో పని వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. పాపకు స్నానం చేయిస్తూ నెత్తిన నీళ్లు పోసినప్పుడల్లా ఆ ఐదేళ్ల పిల్ల గుర్తొచ్చేది. జాకెట్ సంగతి కూడా కాగితం మీదే రాసి ఊరుకుని ఉంటే? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేదాన్ని. ఒకరోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

లలిత ఇంటి ముందు ఆ పది గొర్లకు నీళ్లు పెడుతోంది. ఈలోపు రెండు పిల్లలు పుట్టి అవి పన్నెండయ్యాయి. సైదులు ఇంట్లో లేడు. తిరుమలగిరి వైపు వేరేవాళ్ల మందను జీతానికి కాస్తున్నాడట, నెలకోసారి వస్తాడట.

నేను కూర్చోకుండానే చెప్పేశాను. "వినబడింది లలితా. ఆ రోజు ఫోన్లో ఇంజను చప్పుడు వినబడింది. ఆపమని చెప్పాల్సింది నేనే. నాకు తట్టలేదు. కాగితంలో రాసి ఇచ్చాను కానీ నోటితో చెప్పలేదు. తప్పు మీది కాదు."

ఆమె నీళ్ల బకెట్ కింద పెట్టింది.

"మా ఆయన గిప్పటికి రాత్రులు లేసి కూసుంటడు మేడం," అంది. "నేనే ఖరాబ్ చేసిన, నా చేతులతోటి ఖరాబ్ చేసిన అంటడు. గీ మాట గా షెడ్డుల చెప్పకపోతిరి."

"భయపడ్డాను."

"ఎందుకు భయం? మేం ఏం చేస్తుంటిమి మిమ్మల్ని?"

ఆమె ఫోన్ తెచ్చి సైదులుకు కలిపి నా చేతికిచ్చింది. "ఆయనకు చెప్పున్రి. నాకు గాదు." నేను అంతా మళ్లీ చెప్పాను. అవతల గొర్ల అరుపులు వినబడుతున్నాయి. సైదులు అంతా విని, "అయితే నాది గాదా మేడం?" అని ఒక్కటే అడిగాడు. "నీది కాదు," అన్నాను. "సరే మేడం," అన్నాడు. నేను వచ్చేసేటప్పుడు లలిత గడప దగ్గర నిలబడి, "పాపకు గప్పుడే తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందని చెప్పి బస్సు కోసం నడిచాను.

మందిచ్చిన నర్సు పేరు నేను అడగలేదు. సిరంజిలో రెండోసారి తీయించి, నా నోటితో పలికించిన ఆ మనిషి చేసిందే నా పనిలోనూ సగం పని అని నాకు అర్థమయ్యేసరికి ఒక మంద పోయింది. మంచి యంత్రాన్ని ఎంచడం నాకు వచ్చు. అది మొదటిసారి కొనేవాళ్ల చేతుల్లోకి వెళ్లే ఆ ఒక్క రోజు గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు కొన్నవాళ్లు నా ముందు తామే స్టార్ట్ చేసి, తామే ఆపి, ఏం చేయకూడదో నాకు తిరిగి చెబితే తప్ప సంతకం పెట్టను. నా ఫారంలో ఇంజను నంబరు కింద ఒక వరుస కొత్తగా చేర్చాను. పూజ ఎక్కడ, ఎప్పుడు? యంత్రాల మీద అప్పులిచ్చే ఫైనాన్సు వాళ్లు అది చూసి నవ్వుతారు. నవ్వనీ. ఎవరైనా ఫోన్ చేసినప్పుడు వెనక ఇంజను చప్పుడు వినబడితే, బాగున్నారా అనే కంటే ముందు, అది ఎక్కడ నడుస్తోందని అడుగుతాను.